జర్మనీ కొబ్బరిచెట్లు

"ఈ నెల నువ్వు బయట చేరకూడదే," అన్నాడు సూర్యప్రకాశరావు, పులుసులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

సత్యవేణి కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి కోరుతోంది. తలెత్తి చూసేసరికి ఆయన జేబులోంచి మాత్రల పట్టీ తీసి పొయ్యిగట్టు మీద పెట్టాడు. వచ్చే ఆదివారం రైలుబొమ్మల వాళ్ళంతా హైదరాబాదు నుంచీ మద్రాసు నుంచీ వస్తున్నారట. డేటు చూస్తే సరిగ్గా శనివారం పడుతోందట. ఇవాళ్టినుంచే పొద్దున్నొకటి, రాత్రొకటి వేసుకుంటే సరిపోతుందట. అంతమందికి వంట ఎవరు చేస్తారు మరి? ఆ మాట అడిగి, జవాబు తనకి తెలుసు గనక నిలబడకుండా వెళ్ళిపోయాడు.

ఏ మొగుడికి తెలుస్తాయండీ పెళ్ళాం డేట్లు? చాలామందికి పుట్టినరోజే గుర్తుండదు. ఈయనకి మాత్రం ఆమెకంటే బాగా తెలుసు. సావిట్లో వేలాడే క్యాలెండర్లో ప్రతి నెలా మూడు రోజుల చుట్టూ ఎర్రసున్నా చుట్టి ఉంటుంది. కొడుకు కాలేజీలో పరీక్షల డ్యూటీ కాబోలనుకుంటుంది ఆయన తల్లి సుబ్బాయమ్మగారు. కాదు. అవి సత్యవేణి బయట కూర్చునే రోజులు. ఆ ఇంట్లో రైలు పనులు జరిగేది ఆ మూడు రోజుల్లోనే. "ఈ నెల వంతెన అయిపోవాలి, వచ్చే నెల స్టేషను," అని ఆ సున్నాలు చూసుకునే ఆయన ప్లాను వేసుకుంటాడు.

ఇది అర్థం కావాలంటే ఆ పెరటిగది సంగతి చెప్పాలి. అమలాపురంలో వాళ్ళది పాతకాలం పెంకుటిల్లు. వెనకాల దింపిన కొబ్బరికాయలు పోసుకునే కొట్టుకి ఆనుకుని ఒక చిన్నగది. కాపురానికొచ్చిన మొదటినెలలోనే అత్తగారు ఆ గది చూపించి, చాప ఇది, కంచం ఇది, గ్లాసు ఇది, నాలుగోనాడు తలమీద నీళ్ళు పోసుకునేదాకా గుమ్మం దాటకూడదు, ఏదీ ముట్టుకోకూడదు అని చెప్పింది. సత్యవేణి ఆ నెల ఏడ్చింది. కంచంలో అన్నం పైనుంచి జారవిడుస్తుంటే కుక్కకి పెట్టినట్టు అనిపించింది. రెండోనెల ఏడవలేదు. మూడోనెలకి ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఆ ఇంట్లో ఎవరూ తనని పిలవలేని చోటు అదొక్కటే. కాఫీ అడగరు, తువ్వాలు ఏదనరు, పాలు పొంగుతున్నాయని కేకెయ్యరు. అత్తగారు సణుక్కుంటూ వండి పెడుతుంది. కిటికీలోంచి అరటిచెట్లు చూస్తూ వారపత్రికలు చదువుకుంది, మధ్యాహ్నాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది, చిత్తుకాగితాల మీద పెన్సిలుతో బొమ్మలు వేసుకుంది. ఫిజిక్స్ లెక్చరరైన ఆయనకి దసరాకీ, ఎండలకీ, సమ్మెలకీ సెలవులే. ఆమెకి నెలకి మూడు రోజులు. అవి కూడా అంటరానిదాన్నయితే తప్ప దొరకవు కదా అని తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఆ మంటతోనే హాయిగా నిద్రపోయేది. ఎవరికి చెప్పుకుంటుంది ఈ మాట?

అటువంటి గదిలోకి రైలొచ్చింది. మస్కట్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు పిల్లలకని తెచ్చిన రైలుసెట్టు పిల్లలు పాడుచేస్తారని ఈయనకిచ్చాడు. తొంభైమూడులోనో, ఆ మరుసటేడో. అంతే, ఆయనకి పిచ్చి పట్టింది. పట్టదా మరి? కోనసీమ వాడు రైలెక్కాలంటే ఇప్పటికీ రాజమండ్రి పోవాల్సిందే. వాళ్ళ తాతగారు కోటిపల్లి దాకా పట్టాలుండేవని, యుద్ధంలో పీక్కుపోయారని చెప్పి చెప్పి పోయాడు. "ప్రభుత్వం వేసేలోగా నేనే వేస్తాను," అన్నాడు సూర్యప్రకాశరావు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా గౌతమి మీద, వైనతేయ మీద, వశిష్ఠ మీద మూడు వంతెనలు, మధ్యలో అమలాపురం స్టేషను, అన్నీ బల్ల మీద. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు.

బల్ల ఎక్కడ వెయ్యాలన్నది ఒక్కటే చిక్కు. సావిట్లో వేస్తే అత్తగారికి ఇబ్బంది, పడగ్గదిలో వేస్తే ఆయనకి ఇబ్బంది. "పెరటిగది నెలలో ఇరవైయేడు రోజులు ఖాళీయే కదా," అన్నాడు. మిగిలిన మూడు రోజులు ఎవరివో ఆ లెక్కలోకి రాలేదు. ఆమెని ఎవరూ అడగలేదు. సుబ్బాయమ్మగారు మాత్రం మైల సంగతి ఎత్తింది. దానికాయన సత్యవేణి పాతచీర ఒకటి గదికి అడ్డంగా తాడుమీద వేలాడదీశాడు. తెరకి ఇవతల చాప, అవతల రైలు. కోడలు తెర దాటదని అమ్మకి మాటిచ్చాడు.

ఆ మాట సరిగ్గా మరుసటినెల దాకా నిలిచింది. ఆమె చాపమీద పడుకుని ఉంటే తెర అవతల నుంచి ఆయన గొంతు వినబడింది. "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదే. ఈ ఇసక కాస్త జల్లించి పెట్టకూడదూ? పట్టాల కింద పొయ్యాలి."

"ముట్టుకోవచ్చాండీ?"

"రైలుకి మైలేమిటే," అని నవ్వాడు.

చెప్తే నమ్మరుగానీ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్న మంచిమాట అదేననుకుంది సత్యవేణి. గబగబా లేచి తెర దాటింది. తన సెలవు అక్కడితో అయిపోయిందని ఆ పూట తెలియలేదు.

అమ్మకి మాత్రం చెప్పకు, తెలిస్తే బల్లమీద బిందెడు నీళ్ళు గుమ్మరిస్తుంది, కరెంటు సామాను పాడైపోతుంది అన్నాడు. సరేనంది. అన్నం వచ్చేవేళకి చేతులకి రంగు లేకుండా కిరసనాయిలుతో తోముకునేది.

ఇసక జల్లించడంతో మొదలైన పని చెట్లకెళ్ళింది. ఎవరూ నేర్పలేదు. చీపురు ఈనెకి దారం చుట్టి కొబ్బరిమాను చేసింది. కొబ్బరిపీచు పోగులు సన్నతీగకి రెండువైపులా అంటించి, కత్తిరించి, పచ్చరంగులో ముంచి మట్టలు చేసింది. వాడేసిన టీపొడి ఎండబెట్టి గట్లు పోసింది. అట్టపెట్టె మడతల్ని గోరుతో నొక్కి పెంకులు చేసింది. కాలవలో వార్నిషు పోస్తే నిజంగా నీళ్ళు నిలిచినట్టే కనబడితే, ఎవరితో చెప్పుకోవాలో తెలియక గదిలో ఒక్కతే నవ్వుకుంది. ఇష్టంగానే చేసింది, అబద్ధమెందుకు? అదే ఆమె మెడకి చుట్టుకుంది. ఇష్టంగా చేసేదాన్ని ఎవరూ పని అనరు.

అలా నాలుగేళ్ళు గడిచాక ఒకరోజు ఆయన కొత్తమాట పట్టుకొచ్చాడు. దేశదేశాల్లో ఈ హాబీ అంతా చిన్నస్కేలుకి వెళ్ళిపోతోందట. ఫ్లాట్లలో పెద్ద రైళ్ళకి చోటెక్కడుంది, ఇక భవిష్యత్తంతా చిన్నరైలుదేనట. ఉన్నది అమ్మేసి, సింగపూరు వెళ్ళొచ్చినవాళ్ళ చేత వేలెడు పెట్టెల రైలు తెప్పించాడు. పాత చెట్లు దాని పక్కన తాటిచెట్లలా నిలబడ్డాయి. "స్కేలు కుదరదు," అని ఒక్క సాయంత్రంలో పీకి గోనెసంచిలో కుక్కి నీళ్ళపొయ్యి దగ్గర పడేశాడు. ఆమె నాలుగేళ్ళ మూడేసి రోజులూ ఆ సంచిలో ఉన్నాయి. చలికాలం. పుల్లలు తడిసి ఉన్నాయి. ఆయన స్నానానికి నీళ్ళు ఆమే కాచింది, వాటితోనే. పీచు కదా, బాగా మండింది.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చిటికెనవేలంత చెట్లు, గోరంత మనుషులు. కంటికి దగ్గరగా పెట్టుకుని, సూదిమొనతో రంగులు. కళ్ళజోడు మార్చుకోవాల్సి వచ్చింది. పుట్టినూరు పలివెల గనక, ఒక నెలంతా మనసు పెట్టి పలివెల గుడి చేసింది. జీలుగుబెండు చెక్కి గోపురం, సబ్బుముక్కతో నంది.

అప్పుడే సుబ్బాయమ్మగారు ఒకరోజు గదిలోకి తొంగిచూసి నోరు వెళ్ళబెట్టింది. "ఇవన్నీ ఎక్కడివిరా?" అని అడిగితే, ఆయన క్షణం కూడా ఆలోచించకుండా జర్మనీ నుంచి తెప్పించేనమ్మా అన్నాడు.

"జర్మనీ వాళ్ళకి మన పలివెల గుడి ఎలా తెలిసిందిరా?"

"ఫోటో పంపించేను."

తెర వెనక చాపమీద కూర్చున్న సత్యవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రాత్రి ఆయనా నవ్వాడు. కానీ ఆ అబద్ధం ఇంట్లోంచి బయటికి నడిచింది. కాలేజీలో జర్మనీ అన్నాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళతో జర్మనీ అన్నాడు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఎక్కడెక్కడి రైలుబొమ్మల వాళ్ళకో రాసేటప్పుడూ జర్మనీయే. మొదట్లో చెప్పేముందు ఆమెవైపు ఒకసారి చూసేవాడు. తరవాత చూడటం మానేశాడు. నిజంగానే ఎవరో పెట్టెలో పెట్టి పంపిస్తే వచ్చినట్టు, తనే విప్పి అమర్చినట్టు ఆయన మొహంలో నమ్మకం కూడా వచ్చేసింది.

ఇంత జరిగినా సత్యవేణి నోరెత్తేది కాదేమో. కిందటి వేసవిలో కూతురు ఉమ పెద్దమనిషి అయింది. వాళ్ళకున్నది ఒక్కతే పిల్ల. ముచ్చట్లన్నీ అయిపోయాయి. మరుసటినెల ఉమ మొదటిసారి ఆ గదిలో చాప వేసుకుంది. కూతురికి ఈ మైల నేర్పాల్సి వచ్చినందుకు సత్యవేణికి దుఃఖం వచ్చింది. అత్తగారితో వద్దనలేకపోయింది. సరే, దొరికేది ఆ మూడు రోజులే గనక అవన్నా పిల్లకి మిగలాలని, కథల పుస్తకాలు తెచ్చి చాప పక్కన పెట్టింది, పెన్సిళ్ళు చెక్కి పెట్టింది. గంట తిరక్కుండా సూర్యప్రకాశరావు తీగచుట్ట పట్టుకొచ్చాడు. "ఉమా, నీ వేళ్ళు సన్నం. అమ్మకి చూపు ఆనడం లేదు. ఇద్దరూ ఉంటే నెలకి ఆరు రోజులు పని సాగుతుంది," అన్నాడు. చాలా ప్రేమగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఉమ వేళ్ళకి అంటుకున్న జిగురు గీక్కుంటూ, "అమ్మా, మనల్ని ముట్టుకోకూడదన్నప్పుడు మన చేత పనెందుకు చేయిస్తారే?" అని అడిగింది.

 సత్యవేణి తన సెలవు పోయినప్పుడు నవ్వుకుంది, చెట్లు పొయ్యిలో పెట్టినప్పుడు ఊరుకుంది, జర్మనీ అంటే కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ఆ ప్రశ్న రోజూ అన్నంలో రాయిలా పంటికింద తగుల్తోంది. ఆ గది ఉమది కూడా అయింది. తను ఊరుకుంటే ఉమ ఏళ్ళు కూడా ఆ బల్లకే పోతాయి.

అందుకే మాత్రలు పెట్టి వెళ్ళిన రోజు, భోజనాలయ్యాక ఆయన్ని అడిగింది. "ఆదివారం వచ్చేవాళ్ళకి ఆ చెట్లు నేను చేశానని చెప్తారాండీ?"

ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుంటున్నవాడు ఆగాడు. "ఎలా చెప్తానే? అమ్మ ఉంటుంది కదా అక్కడ. పైగా రైలుకి పూజ పెట్టుకుంది."

"పోనీ మామూలు రోజుల్లో చేశానని చెప్పండి."

"మామూలు రోజుల్లో నీకు ఖాళీ ఎక్కడుందే, అమ్మకి తెలీదా? అయినా ప్లాను నాది, కరెంటు నాది, పట్టాలు నావి. ఆకులకి జిగురు రాయడం కూడా ఒక పనేనా?"

 ఆమె వంటింట్లోకి వెళ్ళి రెండు మాత్రలు పట్టీలోంచి నొక్కి తీసి, గిన్నెలు కడిగిన నీళ్ళతో తూములోకి వదిలింది. రోజూ అంతే. ఖాళీ పట్టీని ఆయనకి కనబడేట్టు గట్టుమీదే ఉంచింది. ఏ నెలా అంత ఎదురుచూడలేదు. రాకుండా పోతుందేమోనని భయపడింది కూడా.

శనివారం పొద్దున్న కాఫీల వేళ, "అత్తయ్యగారూ, నేను దూరమండి," అంది.

సుబ్బాయమ్మగారు నెత్తి కొట్టుకుంది. సూర్యప్రకాశరావు మొహం చూడాలి. మాత్రలు వేసుకోలేదా అని అడిగితే, మందు కదండీ, ఒక్కోసారి పట్టదు అంది. పక్కింటి వీరాయమ్మని బతిమాలి వంటకి పిలిచారు. పెరటిగదిలో పూజ గనక ఆమె చాప గది వెనక పంచలో, కిటికీ కింద పడింది. సూర్యప్రకాశరావు తెరచీర తీసి, మడిచి, ఆమె మీదికే విసిరాడు.

కార్తీకమాసపు ఆదివారం. పదిమందికి పైగానే వచ్చారు, అందరూ మగవాళ్ళే. ఒకాయన రైల్వేలో రిటైరైన పెద్దమనిషి మంగరాజుగారు. నాగసతీష్ అని హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాడు. గదిలోకి వస్తూనే అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం కిటికీ కింద సత్యవేణికి వినబడింది. అది తనదని ఆమెకి తెలుసు. రైలు ఎక్కడైనా దొరుకుతుంది, ఆ నిశ్శబ్దం దొరకదు.

సుబ్బాయమ్మగారు మడిచీరలో వచ్చి, కోటిపల్లి రేవు దగ్గర పసుపుబొట్టు పెట్టి, పలివెల గుడి ముందు తమలపాకులో బెల్లం నైవేద్యం పెట్టి, కర్పూరం వెలిగించింది. బుల్లి గోపురానికి హారతిచ్చి కళ్ళకద్దుకుంది. ఇంజనుకి కుంకుమ పెట్టింది. రైలు కదిలితే అందరూ చప్పట్లు కొట్టారు. కిటికీ ఊచల్లోంచి కర్పూరం వాసన పంచలోకి వచ్చింది.

ఆ తరవాత మాటల్లో పడ్డారు. ఈ హాబీకి మన దేశంలో రోజులు లేవన్నాడు మంగరాజుగారు. ఒక్క షాపు లేదు, తెప్పించుకుంటే కస్టమ్స్ వాళ్ళు వదలరు, పిల్లలు కంప్యూటర్లోనే రైళ్ళు నడుపుకుంటున్నారు, మనతోనే సరి. నాగసతీష్ ఒప్పుకోలేదు. చిన్నస్కేలైతే అలమరలో కూడా పడుతుంది, మన ఊళ్ళూ మన చెట్లూ మనమే చేసుకోగలిగితే ఎందుకు బతకదండీ అన్నాడు. ఎవరో మధ్యలో అందుకుని, కస్టమ్స్ కాదండీ, ఈ హాబీకి అసలు శత్రువులు పెళ్ళాలు అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఒకరి భార్య పట్టాలు పాతసామాను వాడికి వేసేసిందట. ఒకరు ఇంజను బియ్యం డబ్బాలో దాచుకుంటారట.

"ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ణండి," అన్నాడు సూర్యప్రకాశరావు. "మా ఆవిడకి ఇంట్రెస్టూ లేదు, గొడవా లేదు. ఈ బల్ల దగ్గరికి ఒక్కరోజు కూడా రాలేదు."

సత్యవేణి చాపమీద నుంచి లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. 

లోపల నాగసతీష్ ఒంగి చెట్లు చూస్తున్నాడు. "సార్, ఈ జర్మనీ కంపెనీ అడ్రసు ఇవ్వండి. మా అందరికీ కావాలి. అయినా జర్మనీ వాళ్ళకి మట్ట ఒకవైపు వాలుతుందని, గెలకింద ఎండుపీచు వేలాడుతుందని ఎలా తెలుసండీ? ఇది కోనసీమలో పుట్టినవాళ్ళు చేసినట్టుంది."

సూర్యప్రకాశరావు దగ్గాడు. పాత ఉత్తరం ఎక్కడో ఉందని, వెతికి పంపిస్తానని అన్నాడు. మంచినీళ్ళ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన ఉమ అక్కడే ఆగిపోయింది. తండ్రివైపు చూసింది. తరవాత కిటికీవైపు, అక్కడ నిలబడ్డ తల్లివైపు చూసింది.  తల వంచుకుని, గ్లాసులు అందరికీ ఇవ్వడానికి ముందుకి నడిచింది.

ఆ వంచిన తల ఎవరిదో సత్యవేణికి బాగా తెలుసు.

పంచ తిరిగి గది గుమ్మం దగ్గరికి వచ్చి, గడప ఇవతల నిలబడింది. ఆమెని చూసి సుబ్బాయమ్మగారు హారతిపళ్ళెం గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "అక్కడే ఉండు, అక్కడే ఉండు," అంది కంగారుగా. సూర్యప్రకాశరావు కళ్ళతోనే వెళ్ళమన్నాడు.

"అడ్రసు నేను చెప్తానండి," అంది సత్యవేణి నాగసతీష్‌తో.  "జర్మనీ కాదు. ఈ గదే. ఆ చెట్లూ, కాలవలూ, స్టేషన్లో మనుషులూ, ఆ గుడీ నేనే చేశానండి. గడ్డి మా ఉమ అంటించింది. మాకు వేరే రోజుల్లో తీరిక ఉండదండి. బయట కూర్చున్న మూడు రోజుల్లోనే చేశాం. ఒక్క ఆకు కూడా మడిలో చేసింది కాదు."

 మంగరాజుగారు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. సూర్యప్రకాశరావు తల్లి మొహం చూశాడు. సుబ్బాయమ్మగారు బుల్లి గోపురం వైపూ, దాని ముందు ఇంకా వెలుగుతున్న కర్పూరం వైపూ, హారతి కళ్ళకద్దుకున్న తన అరచేతుల వైపూ చూసుకుంటోంది.

"రైలుకి మైల లేదని మీ అబ్బాయే అన్నారండి," అంది సత్యవేణి, ఈసారి అత్తగారితో, చాలా మర్యాదగా. "మీరు దానికి దణ్ణం పెట్టేరు. దాన్ని చేసిన చేతులు ఇవి. ఏదో ఒకటి మీరే తేల్చండి అత్తయ్యగారూ. నేను లోపలికి రానా, ఆ గుడి బయట పెట్టిస్తారా?"

సుబ్బాయమ్మగారు గుడివైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.  సత్యవేణి గడప దాటి లోపలికి వచ్చింది.

"ఉమా, ఆ గ్లాసులు పెట్టేసి రా," అంది. "మనిద్దరికీ కుర్చీలు వెయ్యి."